లేత బూడిద రంగు గీతలు

ప్రొఫెసర్ గారి చెయ్యి వణకడం మొదలయ్యాకే నాకు ఆ పని దొరికింది. అప్పుడు నేను కెనడాలోని విన్నిపెగ్‌లో ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడాదిలో ఉన్నాను. ఆయన డెబ్బైకి దగ్గరపడిన మనిషి. మొదటి ఏడాది పిల్లలకు ఎన్నో ఏళ్ళుగా ఒకే కోర్సు చెబుతున్నారు. బోర్డు మీద పొడవాటి చెక్క స్కేలు ఆనించి డిమాండ్ రేఖ, సప్లై రేఖ తానే గీసేవారట. ఆ సెప్టెంబరులో నన్ను తన గదికి పిలిచి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూపించారు.

"ఇది ఇంక తిన్నగా గీయదు. బొమ్మలన్నీ నువ్వు కంప్యూటర్లో గీసిపెట్టు. ట్యుటోరియల్ క్లాసులు కూడా నువ్వే తీసుకో" అన్నారు.

నాకు అప్పటికి పైథాన్ ప్రోగ్రామింగ్ అంతంతమాత్రంగానే వచ్చు. రెండు సమీకరణాలు ఇస్తే ప్రోగ్రామ్ రెండు రేఖలు గీసేస్తుంది. అది పెద్ద పని కాదు. కానీ అడుగున, పక్కన, దానికి తోచిన అంకెలు అదే వేసేస్తుంది. సున్నా, ఇరవై, నలభై, అలా. ప్రొఫెసర్ గారికి అంకెలు గిట్టవు. "అంకె కనబడితే పిల్లలు కూడికలు చేస్తారు, ఆలోచించరు" అనేవారు. కాబట్టి ఆ అంకెలు తీసేసి, మనకు కావలసిన చోట మాత్రమే మనకు కావలసిన పేరు పెట్టాలి. ఇది పాత ధర, ఇది కొత్త ధర, కింద పాత అమ్మకం, కొత్త అమ్మకం. ఆపైన రెండు రేఖలు కలిసిన చోటి నుంచి కిందికొకటి, పక్కకొకటి చుక్కల గీతలు తీసి, అవి సరిగ్గా ఆ పేర్ల దగ్గర ఆగేలా చూడాలి. చూసేవాళ్ళ కన్ను ఆ గీత పట్టుకునే అక్షం దాకా వెళ్తుంది. గీత లేకపోతే ఏ పేరు ఏ బిందువుదో ఊహించుకోవలసిందే.

వారం రోజులు కూర్చుని నేర్చుకున్నాను. మొదట్లో నా గీతలు అక్షాన్ని దాటి బయటికి పోయేవి, లేదా అంగుళం ముందే ఆగిపోయేవి. అవి సరిగ్గా పేరు పక్కన ఆగిన రోజు నేనే ఏదో కట్టడం కట్టినట్టు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తర్వాత అందం మీద పడ్డాను. పెద్ద పెద్ద పత్రికల్లో వచ్చే గ్రాఫులు చూసి, ముఖ్యమైన రేఖలు ముదురుగానూ, సాయంగా వేసే గీతలు సన్నగా, లేత బూడిద రంగులోనూ ఉండాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. నా ల్యాప్‌టాప్ మీద అవి మంచు మీద పిట్ట నడిచిన గుర్తుల్లా నాజూగ్గా ఉండేవి. ప్రొఫెసర్ గారు తెర మీద చూసి, "నా స్కేలు కంటే బాగున్నాయి" అన్నారు. ఆ మాట అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

ట్యుటోరియల్ మంగళవారం మధ్యాహ్నం. ముప్పై మంది దాకా వచ్చేవారు. అందరూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వాళ్ళు. మొదటి వరసలో మాత్రం యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు కూర్చునేవారు. పార్కా, అంటే మందపాటి చలికోటు విప్పితే, లోపల ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్ యూనిఫాం, మెరూన్ రంగుది. మంచు బూట్లు తలుపు దగ్గర విప్పి, ప్లాస్టిక్ సంచిలోంచి చెప్పులు తీసి తొడుక్కునేవారు. నా పేరు చూడగానే ఆమెకు తెలిసిపోయింది. మొదటి రోజే క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చారు.

"మనవాళ్ళేనా బాబూ? ఏ ఊరు?"

"సూర్యాపేట ఆంటీ."

"మాది తణుకు. హమ్మయ్య. నాకేదన్నా అర్థం కాకపోతే నిన్ను అడుగుతా, ఏమనుకోకు" అని నవ్వారు.

ఆ పక్కనే ఇద్దరు కుర్రాళ్ళు నన్నేదో అడగడానికి నిలబడి ఉన్నారు. ఆమె తెలుగులో మాట్లాడుతుంటే వాళ్ళు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నాకు సిగ్గేసింది. అప్పటికి ఆ ఊరొచ్చి ఏడాదే. క్లాసు ముందు నిలబడేటప్పుడు నా ఇంగ్లిష్ యాస గురించి, చొక్కా గురించి, అన్నిటి గురించీ భయపడేవాణ్ణి. నేను కూడా వాళ్ళలాంటివాణ్ణే అని ఆ పిల్లలను నమ్మించాలని ఎంతో కష్టపడుతున్నప్పుడు, ఈవిడ వచ్చి నన్ను "బాబూ" అంటున్నారు. ఇప్పుడు ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. కానీ అప్పుడు నా మనసులో ఉన్నది అదే.

మూడో వారంలో ఒక తప్పు చేశాను. సప్లై తగ్గితే ఏమవుతుందో చూపించే బొమ్మలో, కొత్త ధర దగ్గరికి వెళ్ళాల్సిన చుక్కల గీత పాత కలయిక దగ్గర నుంచే మొదలైంది. నేను చూసుకోలేదు. తెర మీద పెట్టి గడగడా చెప్పుకుపోతున్నాను. ముందు వరసలోంచి ఆమె గొంతు వినిపించింది.

"బాబూ, ఆ గీత అక్కణ్ణుంచి కాదు రావాల్సింది."

క్లాసంతా ఆమె వైపు తిరిగింది. నేను ఇంగ్లిష్‌లో, "దయచేసి అందరికీ అర్థమయ్యే భాషలో అడగండి" అన్నాను. మాట వరకు చూస్తే అందులో తప్పేమీ లేదు. అన్న తీరు వేరు. ఆమె ముఖం ఒక్కక్షణం ఎర్రబడింది. తర్వాత లేచి నిలబడి, ఒక్కో మాటా ఏరుకుంటూ, అదే సంగతి ఇంగ్లిష్‌లో చెప్పారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వెనక ఎవరో "దొరికిపోయాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి థాంక్స్ చెప్పాను. లోపల మాత్రం మండింది.

ఆ తర్వాతి వారం కారిడార్లో నన్ను ఆపారు. చేతిలో నేను క్లాసుకు పంచిన కాగితాలున్నాయి.

"బాబూ, ఈ చుక్కల గీతలు ప్రింటులో నాకు కనబడట్లేదు. షుగర్ వల్ల కళ్ళకి లేజర్ చేయించుకున్నా. నల్లటివి స్పష్టంగానే కనబడతాయి, ఈ లేతవే ఆనవు. కొంచెం లావుగా, నల్లగా వెయ్యవా?"

"చేస్తా ఆంటీ."

"పేర్లు కూడా ఒకదాని మీదొకటి పడుతున్నాయి చూడు. ఎడం చేస్తే బాగుంటుంది."

"చేస్తా ఆంటీ, పక్కా."

చెయ్యలేదు. ప్రోగ్రామ్‌లో ఒక్క మాట మారిస్తే అన్ని బొమ్మల్లోనూ రంగు మారిపోయేది. అరనిమిషం పని. ఒకరోజు ఫైలు తెరిచి మార్చి కూడా చూశాను. నల్లటి గీతలు మోటుగా, స్కూలు పుస్తకంలో ఉన్నట్టు కనిపించాయి. మళ్ళీ బూడిద రంగే పెట్టేశాను. చూపు సమస్య ఉన్న విద్యార్థులకు సాయం చేయడానికి యూనివర్సిటీలో వేరే ఆఫీసే ఉంది. పెద్ద అక్షరాల పేపరు, ఎక్కువ సమయం, అన్నీ ఇస్తారు. పనిలో చేరినప్పుడు మాకు ట్రైనింగ్‌లో అది రెండుసార్లు చెప్పారు. ఆ ఆఫీసు ఉందని కూడా ఆమెకు చెప్పలేదు.

అక్టోబరు చివర్లో మిడ్‌టర్మ్. నాలుగో ప్రశ్న ఇరవై మార్కులది, అమ్మకపు పన్ను మీద. ప్రొఫెసర్ గారు వంకర గీతలతో కాగితం మీద గీసిచ్చారు, నేను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. నిలువు అక్షం మీద ఇంగ్లిష్ ఏ నుంచి ఈ దాకా ఐదు అక్షరాలు ఉండాలి. కొనేవాడు కట్టే ధర ఏ అక్షరం దగ్గరుంది, అమ్మేవాడి చేతికి వచ్చే ధర ఏ అక్షరం దగ్గరుంది, పన్ను లేకముందు ధర ఏది, అవి చూసి రాయాలి. మిగిలిన భాగాలన్నీ ఆ అక్షరాల మీదే ఆధారపడి ఉంటాయి.

గీశాక చూస్తే మధ్యలో అక్షరాలు ఇరుకై ఒకదానికొకటి తగులుతున్నాయి. బొమ్మను పెద్దది చేస్తే పేజీ పెరుగుతుంది. అందుకని అక్షరాలనే అటూ ఇటూ జరిపాను, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. అంటే అక్షరం తన చోట లేదు. చుక్కల గీత పట్టుకుని వస్తే ఏది దేనిదో తెలుస్తుంది, గీత కనబడకపోతే పక్క అక్షరం చదువుతారు. అది నాకు గీస్తున్నప్పుడే తెలుసు. "గీతలు ఉన్నాయిగా" అనుకున్నాను.

డిపార్ట్‌మెంట్ కాపీ మెషీన్‌లో ఆ వారం ఇంకు తక్కువగా ఉంది. కోర్సు మొత్తానికి నూట ఇరవై కాపీలు తీసి, పై కాగితం ఒకసారి చూసి, అట్టపెట్టెలో పెట్టేశాను. మంచి ప్రింటరు మీద తీసిన అసలు కాపీ నా బ్యాగులోనే ఉండిపోయింది.

పరీక్ష మొదలై అరగంటయిందేమో, మొదటి వరసలో ఆమె చెయ్యి లేచింది. వెళ్ళాను. కాగితం ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని ఉన్నారు.

"బాబూ, ఈ నాలుగో దాంట్లో గీతలేవీ?" అని గుసగుసగా అడిగారు.

వంగి చూశాను. గీసినవాణ్ణి కాబట్టి నా కంటికి కనిపించాయి. కాగితం మీద ఎవరో పెన్సిల్‌తో గీసి రబ్బరుతో తుడిచేసినట్టున్నాయి. పక్క సీటు అమ్మాయి తలెత్తి మమ్మల్ని చూసింది. నేను ఇంగ్లిష్‌లోనే, "మీకు కావలసినదంతా ఆ పేజీలోనే ఉంది" అన్నాను.

"నాకు కనబడట్లేదు బాబూ. ఆ కిటికీ దగ్గరికెళ్ళి ఒక్కసారి చూసుకుని రానా?"

"సీట్లోంచి లేవకూడదు."

ఆమె మళ్ళీ కాగితం మీదికి వంగారు. నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. కాళ్ళ దగ్గర బ్యాగు, బ్యాగులో అసలు కాపీ. తీసి ఆమె ముందు పెట్టడానికి పది అడుగులు నడిస్తే చాలు. పెట్టకూడదన్న రూలు లేదు. నేను కూర్చునే ఉన్నాను. ఎందుకు అని తర్వాత ఎన్నోసార్లు అడుక్కున్నాను. క్లాసులో అందరూ నవ్విన ఆ రోజు నాలో ఇంకా మిగిలే ఉంది. దానికి మించిన కారణం నాకు దొరకలేదు.

పేపర్లు నేనే దిద్దాను. ఆమె నాలుగో ప్రశ్నకు అక్షరాలన్నీ ఒక్కో మెట్టు తప్పు రాశారు. కింద ఒక పేజీ వివరణ రాశారు. పన్ను భారం ఎవరి మీద ఎంత పడుతుంది, ఎందుకు పడుతుంది అన్నది అంత శుభ్రంగా నేనైతే రాయలేను. చదువుతున్నప్పుడే అర్థమైంది, ఈ మనిషికి విషయం తెలుసు, బొమ్మే కనబడలేదు అని. కీ ప్రకారం అక్షరం తప్పయితే మార్కు లేదు. వివరణకు ఆరు మార్కుల దాకా ఇచ్చుకోవచ్చని ప్రొఫెసర్ గారు రాసిపెట్టారు. నేను ఇరవైకి మూడు వేశాను. అదే తప్పు ఇంకో నలుగురు చేశారు. ఐదుగురు ఒకే రకంగా తప్పు చేశారంటే తప్పు ఎక్కడుందో ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. పేపర్లు కట్టగట్టి ఇచ్చేశాను.

ఆమె ప్రొఫెసర్ గారిని కలవడానికి వచ్చినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆమెకు అకౌంటింగ్ ప్రోగ్రామ్‌లో సీటు కావాలి, దానికి ఈ కోర్సులో బి ప్లస్ రావాలి. ఈ మార్కులతో అది రాదు. పేపరు బల్ల మీద పెట్టి, "గీతలు కనబడలేదు సార్" అని ఇంగ్లిష్‌లో చెప్పారు. ప్రొఫెసర్ గారు వివరణంతా నిదానంగా చదివారు.

"ఇది చాలా బాగా రాశారు. ఇంతకుముందు ఎక్కడ చదువుకున్నారు?"

"చదువుకోవడం కాదు సార్. ఇండియాలో జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్ళు ఇదే సబ్జెక్టు చెప్పాను."

ఆ సంగతి ఆమె ఎప్పుడూ నాకు చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ప్రొఫెసర్ గారు బొమ్మను కళ్ళజోడు పైకెత్తి చూసి, నా వైపు తిరిగారు.

"పరీక్షలో గానీ అంతకుముందు గానీ, గీతలు కనబడటం లేదని ఎవరైనా నీతో అన్నారా?"

ఆ ప్రశ్నకు, నా జవాబుకు మధ్య ఎంత సమయం పోయిందో చెప్పలేను. ఎక్కువ కాదు. వచ్చే సెమిస్టరు పని ఇచ్చేది ఆయనే. ఉద్యోగాలకు నా గురించి ఉత్తరం రాయాల్సింది ఆయనే. కానీ ఇవన్నీ అప్పుడు ఆలోచించానని చెబితే అది కూడా అబద్ధమే. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"లేదండి, ఎవరూ అనలేదు."

ఆమె నన్ను చూశారు. కోపంగా చూసి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. క్లాసులో బాగా చదివే పిల్లవాడు కాపీ కొడుతూ దొరికితే టీచరు చూస్తుందే, అలా చూశారు. తర్వాత ప్రొఫెసర్ గారితో, "నా కళ్ళదే తప్పేమో సార్" అన్నారు. ఆయన వివరణకు ఇంకో మూడు మార్కులు కలిపారు. అవి సరిపోవు. సరిపోవని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

ఆమె వెనకే కారిడార్లోకి వెళ్ళాను. "ఆంటీ..." అన్నాను.

ఆమె బూట్లు తొడుక్కుంటున్నారు. తలెత్తకుండానే, "పర్లేదండి. మీ పని మీరు చేశారు" అన్నారు.

రెండు నెలలుగా నన్ను బాబూ అని, నువ్వు అని పిలిచిన మనిషి. నాకు ఆ "అండి" చెంపదెబ్బలా తగిలింది. అది నేను అడిగి తెచ్చుకున్నదే. క్లాసులో నాకు దూరం కావాలని కోరుకున్నాను. దొరికింది.

ఆ తర్వాతి మంగళవారం మొదటి వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. లిస్టులో ఆమె పేరు పక్కన కోర్సు వదిలేసినట్టు గుర్తు వచ్చింది. గడువు లోపలే వదిలేశారు కాబట్టి మార్కులు ఎక్కవు. నేను మాత్రం అలాగే పాఠాలు చెప్పాను. డిసెంబరులో పిల్లలు నా గురించి మంచి రిపోర్టులు రాశారు. బొమ్మలు చాలా బాగున్నాయని ఒకరు ప్రత్యేకంగా రాశారు.

ఏప్రిల్‌లో ప్రొఫెసర్ గారు రిటైరయ్యారు. గది ఖాళీ చేస్తూ, తన తర్వాత వచ్చేవాళ్ళకు ఇవ్వడానికి బొమ్మలన్నీ ఒక సెట్ ప్రింట్ తీసి తెమ్మన్నారు. తెచ్చాను. అల్మారాలు సగం ఖాళీ. చెక్క స్కేలు కిటికీలో ఎండకు పడి ఉంది. ఆయన ఒక్కో కాగితమే తిప్పుతూ ఒకచోట ఆగారు. దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. కాగితం ఆయన చేతిలో వణుకుతోంది.

"ఇందులో చుక్కల గీతలు వెయ్యడం మరిచిపోయావా?"

"ఉన్నాయండి."

"నాకు కనబడటం లేదే."

ఆయన మామూలుగానే అన్నారు. నా మీద అనుమానం కూడా లేదు. నేను అక్కడున్న అట్టపెట్టె మీద కూర్చుండిపోయాను. చెప్పేశాను. కారిడార్లో ఆమె అడగడం, నేను చేస్తానని చెయ్యకపోవడం, పరీక్షలో కిటికీ దగ్గరికి వెళ్ళనివ్వకపోవడం, బ్యాగులో కాపీ, ఇదే గదిలో ఆడిన అబద్ధం. ఆయన కాగితాలన్నీ సర్ది బల్ల మీద పెట్టారు.

"ఆ రోజు నేను నిన్ను నమ్మి ఆవిణ్ణి నమ్మలేదు. అది నువ్వు నాతో చేయించావు" అన్నారు చివరికి. "ముందు వెళ్ళి ఆవిడకు చెప్పు. తర్వాత ఏం చేయొచ్చో నేను చూస్తాను."

ఆమె పనిచేసే కేర్ హోమ్ నది దగ్గర. శనివారం పదకొండు గంటలకు వెళ్ళాను. వీధి పక్కన మంచు కరిగి మురికిగా పారుతోంది. రిసెప్షన్‌లో అడిగితే లోపలికి కబురు పంపారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసి ఆగిపోయారు.

"బ్రేకు పది నిమిషాలే ఉందండి. చెప్పండి."

కుర్చీల్లో కూర్చున్నాం. చెప్పాల్సింది బస్సులో వరసగా పెట్టుకుని వచ్చాను. అక్కడ ఒక్కటీ వరసలో రాలేదు. ఎలాగో అంతా చెప్పాను. ఆమె కారిడార్ వైపే చూస్తూ విన్నారు.

"అంటే నేను అడిగిన సంగతి మీకు గుర్తుంది."

"గుర్తుంది ఆంటీ."

"మీరు అంత గట్టిగా లేదన్నాక, నేను నిజంగా అడిగానా, అడిగాననుకున్నానా అని నాకే అనుమానం వచ్చింది తెలుసా? కళ్ళెలాగూ పోయాయి, బుర్ర కూడా పోతోందేమోనని భయపడ్డాను. మా ఆయనతో కూడా అన్నాను. చలికాలమంతా అదే ఆలోచన."

ఇది నేను ఊహించలేదు. మార్కులు పోయాయని, సీటు పోయిందని అనుకున్నాను. ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని కూడా పోగొట్టానని తట్టలేదు.

"నన్ను క్షమించండి" అన్నాను.

"అది పది నిమిషాల బ్రేకులో అయ్యే పని కాదండి" అన్నారు. కసిరినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. తర్వాత, "ఆ ప్రశ్నలో ఇంకెవరికైనా పోయాయా మార్కులు?" అని అడిగారు.

"నలుగురికి."

"వాళ్ళకు చెప్పారా?"

"లేదు."

"మరి ముందు నా దగ్గరికే ఎందుకొచ్చారు? నేనైతే తెలుగుదాన్ని, తిట్టినా తెలుగులోనే తిడతాను, ఎవరికీ తెలియదనా?"

ప్రొఫెసర్ గారు పంపారని చెప్పబోయి ఆగాను. ఆయన పంపినా, ఆ నలుగురు నాకు గుర్తే రాలేదన్నది నిజం. ఇంతలో లోపల ఏదో బెల్లు మోగింది. ఆమె లేచి నిలబడ్డారు.

"ముందు వాళ్ళ సంగతి చూడండి. పిల్లలు, వాళ్ళకు అడగడం కూడా తెలీదు" అని లోపలికి వెళ్ళిపోయారు.

సోమవారం ఆ నలుగురికీ ఉత్తరం రాశాను. తప్పు బొమ్మదని, బొమ్మ నాదని, పరీక్షలోనే నాకు తెలుసని రాశాను. ప్రొఫెసర్ గారు డిపార్ట్‌మెంట్‌కు వేరే రాశారు. మార్కులు సరిచేశారు. ఇద్దరికి గ్రేడు ఒక మెట్టు పెరిగింది. ఒకబ్బాయి అప్పటికే ఫెయిలై, చలికాలం సెమిస్టరులో మళ్ళీ అదే కోర్సు చదివాడు. "నాకు ఎకనామిక్స్ రాదనుకుని మేజర్ సబ్జెక్టు మార్చుకున్నాను" అని ఒకే ఒక్క వాక్యం జవాబు రాశాడు. డిపార్ట్‌మెంట్ నన్ను పిలిచి మాట్లాడింది, ఫైల్లో ఒక కాగితం పెట్టింది, ట్యుటోరియల్ పని మళ్ళీ ఇవ్వలేదు. నేను భయపడిందంతా కలిపి అంతే.

ఆమె విషయంలో సరిచేయడానికి మార్కులే లేవు. ప్రొఫెసర్ గారు అకౌంటింగ్ వాళ్ళతో మాట్లాడి, ఒక పరీక్ష రాస్తే చేర్చుకునేలా ఒప్పించారు. ఆమె థాంక్స్ చెప్పి వద్దన్నారట. వేరే కాలేజీలో జీతాల లెక్కలు నేర్పే పేరోల్ కోర్సు చేశారనీ, ఇప్పుడు అదే కేర్ హోమ్ ఆఫీసులో పనిచేస్తున్నారనీ రెండేళ్ళ తర్వాత ఒక తెలిసినాయన చెప్పారు. బాగానే ఉన్నారట. ఆ మాట విని ఊరట పడబోయి ఆగిపోయాను. ఆమె బాగుండటంలో నా పాత్ర ఏమీ లేదు.

నేను ఇప్పుడు పక్క రాష్ట్రంలోని రెజైనాలో, ప్రభుత్వ ఆఫీసులో రిపోర్టులకు గ్రాఫులు గీసే ఉద్యోగంలో ఉన్నాను. నా చుక్కల గీతలు నల్లగా, లావుగా ఉంటాయి. అక్షరం తన చోటు నుంచి జరగదు. ఇరుకైతే బొమ్మనే పెద్దది చేస్తాను. ప్రతిదీ పాత మెషీన్‌లో ఒక కాపీ తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తాను.

మొన్న కొత్తగా చేరిన హైదరాబాద్ అమ్మాయికి పని నేర్పిస్తున్నాను. ఆమె నా గ్రాఫు చూసి, "ఏంటన్నా, గీతలు ఇంత బండగా పెట్టారు? లైట్ గ్రే పెడితే క్లాసీగా ఉంటది కదా" అంది.

అసలు కారణం చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు. నోరు తెరిచాను కూడా.

"ఇక్కడి ప్రింటర్లలో లేత రంగులు సరిగా రావు" అన్నాను.

ఆమె సరేనని రాసుకుంది. నేను తర్వాతి గ్రాఫు తెరిచాను.